వేరావల్ ఫోనుకు అడ్డొచ్చిన మోడెం

సాయంత్రం అయిదు గంటలకు ఆ ఫోను మీద చెయ్యి వేసిన మగాడు ఇంతవరకూ లేడు. శివాజీ వేశాడు.

వెయ్యడంతో ఊరుకోలేదు. గోడ పక్కన గొంతుక్కూర్చుని వైరు కూడా ఊడబీకేశాడు.

"ఓలమ్మో! ఫోను పీకీసినాడే!"

బెంచీ మీద ఉన్న ఆరుగురు ఆడవాళ్లూ ఒక్కసారి లేచారు. అందరికన్నా ముందు గున్నమ్మ లేచింది. చేపల గంప కింద పెట్టి, కొంగు బిగించి, అతని చొక్కా కాలరు పట్టుకుంది.

"ఎవుడివిరా నువ్వు? ఏ ఊరు నీది?"

"నెల్లిమర్ల అప్పా. కంప్యూటరు పని మీద వచ్చాను. ఇంటర్నెట్టుకి బ్యాకప్పు..."

"నీ బేకప్పు బుగ్గయిపోనూ! వేరావల్ ఫోను వచ్చీ యేళకి తెగ్గొట్టీసినావు!"

అప్పుడే కాటా దగ్గర నుంచి ఝాన్సీ పరుగెత్తుకొచ్చింది. ఒక చేతిలో నోటు పుస్తకం, మోచేతి దాకా రొయ్యల పొట్టు. ఆరుగురి మధ్య ఇరుక్కుపోయిన కుర్రాణ్ణి చూసింది. కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది. భుజాన సంచీ, చేతిలో నల్లటి చిన్న డబ్బా.

"విజయనగరం నుంచి వస్తానన్న టెక్నీషియన్ మీరేనా?"

"అవునండీ. ముందు వీళ్లకి సెప్పండి, నేను దొంగని కాదని."

"దొంగయితే ఇంత అల్లరి సెయ్యరు. కాఫీ ఇచ్చి కూసోబెడతారు. వైరు పెట్టెయ్యండి. ఆరయ్యాక మీ పని."

"మీరే కదండీ అర్జెంట్ అన్నారు?"

"అర్జెంటే. దీనికన్నా కాదు."

అతను వైరు పెట్టాడు. పెట్టిన మరుక్షణం ఫోను మోగింది. ఝాన్సీ నాన్నమ్మ లక్ష్మణమ్మ ఎత్తింది. "గున్నా, మీ ఆయనే" అంది. కాలరు పట్టిన చెయ్యి కాలరును వదిలేసి ఫోనందుకుంది. ఇందాక కేకలు వేసిన ఆ గొంతు ఒక్కసారి ఎంత మెత్తబడిందంటే, శివాజీ కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు, ఆ మనిషేనా అని.

ఆ ఒడ్డున సెల్లుకు సిగ్నలు అందదు. ఊరి మగాళ్లలో సగం మంది గుజరాత్ పోయి వేరావల్ బోట్ల మీద పనిచేస్తారు. బోటు ఒడ్డుకు వచ్చిన రోజున అక్కడి బూత్ నుంచి ఇంటికి ఫోను చేస్తారు. ఇల్లంటే ఝాన్సీ తండ్రి సోములు చేపల కొట్టే. ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ అక్కడిదే. అందుకని అయిదు నుంచి ఆరు దాకా ఆ ఫోను కొట్టుది కాదు, ఊరిది. సోములు తండ్రి పెట్టిన కట్టుబాటు అది. సోములు కూడా ఆ గంట దాన్ని ముట్టుకోడు.

ఆరయింది. బెంచీ ఖాళీ అయింది. ఝాన్సీ అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్లింది. మూడు కంప్యూటర్లు. మూడూ ఆమె పట్టుబట్టి కొనిపించినవి.

"ప్రాబ్లం ఏటంటే" అంది, "మేడ మీద ఏంటెన్నా ఉందండీ. దాని మీదే మా ఇంటర్నెట్టు. సముద్రం గాలి కొట్టిందంటే అది మొహం తిప్పుకుంటాది."

"అలిగిన కొత్త కోడలిలాగ."

ఆమె నవ్వలేదు. "వైజాగ్ కంపెనీవాళ్లకి రోజూ పదకొండులోపల మెయిల్ పోవాల. ఎన్ని రొయ్యలు, ఏ సైజు, ఎన్ని పెట్టెలు. అది అందితేనే లారీ కదులుతాది. ఈ వారం ట్రయలు. సోమవారం నుంచి శనివారం. ఒక్క రోజు తప్పితే పోనీలే అని ఒగ్గేస్తారు. రెండోది తప్పితే సీజను సరుకంతా ఇంకో కొట్టుకి పోతాది."

"ఎన్ని తప్పేయి?"

"ఒకటి. నిన్న మంగళవారం."

"ఇంకోటి తప్పితే?"

ఝాన్సీ గది చుట్టూ చూసింది. "మా నాన్న ఈ గదిని ఐసు గది సేసేస్తాడు. మేస్త్రీని పిలిసి కొలతలు కూడా తీయించాడు. నేను డిగ్రీ సదివి, కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్న కుర్చీ ఇది. దీన్లోంచి లేస్తే మళ్లీ నన్ను కూసోనివ్వరు."

అతను ఇంకేమీ జోకు వెయ్యలేదు. నల్ల డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"దీన్ని మోడెం అంటారండీ. ఏంటెన్నా పడిపోతే కంప్యూటరు తనంతట తనే ఈ ఫోను లైను మీద డయల్ సేస్తాది. స్లోగా ఉంటాది గాని మీ మెయిలు పోతాది. గాలి ఏం సెయ్యలేదు, తీగ కదా."

పని మొదలైంది. వైర్లు, స్క్రూలు, తెరమీద ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నల గడులు. లక్ష్మణమ్మ పళ్లెంలో అన్నమూ చేపల పులుసూ తెచ్చి పక్కన పెట్టింది.

"తిను బాబూ. పట్నపోడివి, ముల్లు సూసుకో."

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "కానాగంతలు. పొద్దున్న పడ్డవి కావు, మధ్యాన్నం వలవి."

ముసలమ్మ నోరు తెరిచింది. "నీకెలాగ తెలుసురా?"

"మా అమ్మ నెల్లిమర్లలో జూట్ మిల్లు గేటు కాడ సేపలమ్ముతాదండీ. తులసి. మీ ఒడ్డు సరుకే తెస్తాది."

"తులసి కొడుకువా! ఒసే ఝాన్సీ, ఈడు మనోడేనే!"

"నాన్నమ్మా, పని సెయ్యనీ" అంది ఝాన్సీ. అంటూనే మరో గరిటె పులుసు వేసింది.

తెరమీద ఆఖరి గడి వచ్చింది. ఏవో నాలుగు ఇంగ్లీషు లైన్లు, పక్కన టిక్కులు. శివాజీ చదవబోతున్నాడు. ఝాన్సీ చెయ్యి కడుక్కుని, తడి చేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, "టీలో పంచదార ఎంతండీ?" అంది.

"ఎంతైనా" అన్నాడతను, ఆమె వంకే చూస్తూ. వేలు ఓకే నొక్కేసింది.

గురువారం పొద్దున్న పదిన్నరకే గాలి లేచింది. మేడ మీద ఏంటెన్నా కిర్రుమని తూర్పుకు తిరిగిపోయింది. ఝాన్సీ గడియారం చూసింది. అంతలో మోడెం డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. టకటకమని నంబరు కొట్టుకుంది. తర్వాత కీచుమంది, గరగరమంది, పిల్లి తోక మీద కాలేసినట్టు అరిచింది. అరిచి ఊరుకుంది.

"ఏటైంది? సచ్చిపోయిందా?"

"కనెక్ట్ అయింది!" అన్నాడు శివాజీ. ఎలా ఉందో చూసి పోదామని తొలి బస్సుకే వచ్చాడతను. "పంపండి, పంపండి!"

నీలం గీత మెల్లగా పాకింది. పది యాభై ఒకటికి మెయిలు పోయింది. ఝాన్సీ గెంతింది. చప్పట్లు కొట్టింది. పక్కనున్న చెయ్యి పట్టుకుని ఊపేసింది. నాలుగుసార్లు ఊపాక గాని అది అతని చెయ్యి అని తెలియలేదు.

వదిలేసి, "థాంక్సండీ" అంది నేలకు.

"నేల మీద నేనేం లేనండీ, ఇటున్నాను."

"తెలుసు. ఎల్లండి, బస్సు పోతాది."

"బస్సులు చాలా ఉన్నాయి."

శుక్రవారం కూడా వచ్చాడు. ఏదో క్లిప్పు మర్చిపోయాడట. వెతికాడు, దొరకలేదు. దొరకాలని పెద్దగా ఉన్నట్టూ లేదు. ఆ రోజూ గాలి వచ్చింది, మోడెం అరిచింది, మెయిలు పోయింది. ఝాన్సీకి సముద్రం ఇంత నీలంగా ఉంటుందని ఇరవై మూడేళ్లలో ఆ రోజే తెలిసింది.

ఒక్కటే ఆమె గమనించలేదు. సాయంత్రం పూట ఆమె ఒడ్డున కాటా దగ్గర ఉంటుంది. కొట్టులో గురువారం ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. లక్ష్మణమ్మ ఎత్తితే కీ... మని చెవి గింగురుమంది. ఫోను విసిరేసింది. మళ్లీ మోగింది, మళ్లీ అదే. శుక్రవారమూ అంతే. లైను పాడైందనుకున్నారు. ఆరుగురూ ఆరుదాకా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచిపోయారు.

శనివారం తెల్లారేసరికి గాలి ముదిరింది. ఏంటెన్నా తిరగడం కాదు, గొట్టంతో సహా వాలిపోయింది. ఝాన్సీ కంగారు పడలేదు. మోడెం ఉంది కదా.

పదింపావుకి పోస్టుమేన్ జగన్నాధం సైకిలు దిగాడు. ఉత్తరాలు తీయలేదు. నేరుగా, మిగతా అయిదుగురితో కలిసి కొట్టు ముందు రొయ్యలు ఏరుతున్న గున్నమ్మ దగ్గరికి పోయాడు.

"గున్నమ్మప్పా, మీ నూకయ్య పక్కూళ్లో మా పోస్టాఫీసుకి ఫోన్ సేసినాడు. రెండ్రోజుల నుంచీ ఎప్పుడు ఫోన్ సేసినా నువ్వు కీసుకీసుమని ఏడుస్తన్నావట! పండక్కి రాలేనన్నాడని అంత ఏడుపేటని అడగమన్నాడు. కాదు, ఊళ్లో ఎవలైనా పోయారా అని భయపడతన్నాడు."

"నానా? నానేడవడమేటి? ఫోనే లేదు కదరా!"

"పదకొండుకి బోటెక్కుతాడంట. ఎక్కితే ఇరవై రోజులు మళ్లీ ఒడ్డు లేదు. ఇలాగ మనసు పాడుసేసుకుని సముద్రం మీదకి ఎలాగెళ్లేది అన్నాడు. ఎక్కే ముందు ఇంకోపాలి ఫోన్ సేస్తాడట."

సరిగ్గా అప్పుడే వెనక గదిలో మెయిలు కోసం నంబరు కొట్టుకున్న మోడెం కీచుమని అరిచింది.

ఆరుగురూ ఆ అరుపు విన్నారు. లక్ష్మణమ్మ చెవి మీద చెయ్యి వేసుకుంది. "ఇదేనే! ఇదేనే ఫోన్లో అరిసింది!"

గున్నమ్మ గదిలోకి వెళ్లింది. ఝాన్సీ "అప్పా, అప్పా, వద్దు!" అనేలోపల మోడెంని వైర్లతో సహా పెరికి, గంపలో పడేసి, గంప నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది.

"ఎక్కడికే?" అన్నాడు సోములు అడ్డొచ్చి.

"సముద్రంలోకి! నా మొగుణ్ణి ఏడిపించీ డబ్బా నాకొద్దు!"

రోడ్డు మీద అప్పుడే బస్సు ఆగింది. శివాజీ దిగాడు. ఈసారి ఏ సాకూ లేకుండానే వచ్చాడు. ఎదురుగా గంప, గంపలోంచి వేలాడుతున్న తన వైర్లు, వెనక అయిదుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక ఏడుపు మొహంతో ఝాన్సీ.

జగన్నాధం రెండు ముక్కల్లో చెప్పాడు. శివాజీ నుదురు కొట్టుకున్నాడు.

"ఆటో ఆన్సర్" అన్నాడు. "అప్పా, తప్పు నాది. ఫోను వస్తే మోడెమే ఎత్తమని ఒక టిక్కు ఉంటాది. దాన్ని తీసెయ్యాల. నేను తియ్యలేదు. మీ ఆయనకి జవాబు సెప్పింది ఈ డబ్బా."

"ఎందుకు తియ్యలేదు?"

"మర్చిపోయాను."

"ఎందుకు మర్సిపోయినావు? పనోడివి కావా నువ్వు?"

శివాజీ ఝాన్సీ వంక ఓరగా చూశాడు.

"సెప్పరా! లేపోతే ఇది నీళ్లలోకే!" గున్నమ్మ నాలుగడుగులు ఇసకలోకి వేసింది.

"ఝాన్సీ గారిని సూస్తన్నాను!" అని అరిచాడు శివాజీ. "ఆ టిక్కు వచ్చినప్పుడు తెరని సూడ్లేదు, ఆవిణ్ణి సూస్తన్నాను. పంచదార ఎంతండీ అని అడిగింది. ఆ తర్వాత నాకేటీ తెలీలేదు!"

గాలి తప్ప అందరూ ఆగిపోయారు. బస్సు కండక్టరు కూడా రైట్ రైట్ అనడం మానేసి తల బయట పెట్టాడు. ఝాన్సీ చెవుల దాకా ఎర్రబడిపోయింది.

గున్నమ్మ గంప దించింది. అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"అది సెప్పు ముందే. ఎంతసేపు పడతాది ఆ టిక్కు తియ్యడానికి?"

"రెండు నిమిషాలు."

"తియ్యి మరి. నిలబడతావేటి!"

పది నలభై రెండు. అందరూ వెనక గదిలోకి తోసుకొచ్చారు. శివాజీ వైర్లు పెట్టాడు. తెర తెరిచాడు. ఆ టిక్కు మీద వేలు పెట్టి, ఆరుగురికీ చూపించి మరీ తీసేశాడు. "ఇంక ఇది ఫోను ఎత్తదు. సాయంత్రం అయిదుకి దీని దీపం కూడా ఆర్పేద్దాం." పది నలభై ఏడు. డయల్ మీద నొక్కబోయాడు.

ఫోను మోగింది.

అందరూ గోడ గడియారం చూశారు. తర్వాత ఝాన్సీ వంక చూశారు.

"వేరావల్" అంది లక్ష్మణమ్మ నెమ్మదిగా.

"కట్ సేసి మనం డయల్ సేస్తే టైముంది" అన్నాడు శివాజీ లోగొంతుకతో. "మాట మొదలైతే సెప్పలేం. ఈ లైను ఒకసారికి తగలకపోతే రెండోసారి సెయ్యాల. మీ ఇష్టం."

మేస్త్రీ గీసిన సుద్దగీతలు గోడ మీద కనిపిస్తూనే ఉన్నాయి. ఝాన్సీ తన కుర్చీ వంక చూసింది. రెండో గంట. మూడో గంట.

ఫోను ఎత్తింది. గున్నమ్మ చేతిలో పెట్టింది.

"మాటాడప్పా. పూర్తిగా మాటాడు."

గున్నమ్మ ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"ఓయ్, నానే... గున్నమ్మనే. కాదయ్యా, ఏడవలేదు. ఎవలూ పోలేదు, అందరం గుమ్మటాల్లాగున్నాం... అది నాను కాదు, కంప్యూటరు... కంప్యూటరయ్యా!... నా గొంతు అలాగుంటాదేటి? ఇరవయ్యేళ్ల కాపరం సేసి నా గొంతు ఎరగవేటి నువ్వు?... సరే సరే, నవ్వకు. పండక్కి రాకపోతే రాకపో, బోటు మీద జాగర్త. కొత్త కుర్రోళ్ల మాటలిని గాలిలోకి పోకు... ఊఁ... ఊఁ... నాకూ అలాగే ఉన్నాది." ఆమె అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. వెంటనే ఇటు తిరిగింది. "ఇంక పెట్టీ! ఎందుకేటి? ఇక్కడ ఝాన్సీ మెయిలు పోవాల. పదకొండైపోతంది. మెయిలంటే ఏటా? నాకు మాత్రం ఏటి తెలుసు! ఆ గుంట తనది ఆపుకుని నాకిచ్చింది. పెట్టీ, పెట్టీ!"

టక్కున పెట్టేసింది.

పది యాభై మూడు. శివాజీ డయల్ నొక్కాడు. టకటక. బిజీ. మళ్లీ నొక్కాడు. టకటక. కీ... గర్ర్... కీ... ఈసారి ఆ అరుపుకు ఆరుగురూ చెవులు మూసుకోలేదు. "అరవ్వే! అరవ్వే!" అంటోంది గున్నమ్మ డబ్బాను, పడవ నెట్టేవాళ్లను హుషారు చేసినట్టు.

అరుపు ఆగింది. దీపం పచ్చబడింది.

నీలం గీత పాకింది. సగం. ముప్పాతిక. ఆగింది. ఝాన్సీ బల్ల అంచు పట్టుకుంది. ఆ అంచు మీద ఇంకో చెయ్యి ఉంది. ఈసారి ఆమెకు తెలిసే ఉంది, తీయలేదు.

గీత కదిలింది. చివరిదాకా పోయింది.

"పది యాభై ఎనిమిది!" అని చదివాడు జగన్నాధం.

గదిలో ఏం జరిగిందో చెప్పడం కష్టం. ఎవరు ఎవర్ని కావలించుకున్నారో, లక్ష్మణమ్మ ఎవరి బుగ్గ పుణికిందో. పోస్టుమేన్ టోపీ మాత్రం కిటికీలోంచి బయటపడింది.

పావుగంటకు కంపెనీ జవాబు వచ్చింది. సోములు తెర ముందుకు వంగాడు.

"ఏటన్నాడు?"

"లారీ బయల్దేరింది నాన్నా. సీజను మనదే."

సోములు భుజం మీద తువ్వాలు తీసి, గోడ దగ్గరికి పోయి, మేస్త్రీ గీసిన సుద్దగీతలు తనే తుడిచేశాడు. తుడుస్తూ శివాజీని అడిగాడు.

"ఆ ఏంటెన్నా ఇయ్యాల ఎత్తుతావా?"

"ఎత్తుతానండీ. ఒక్కడివల్ల కాదు, గొట్టం పట్టుకోడానికి ఇంకొకరు కావాల."

సోములు చేతిలో పనేమీ లేదు. జగన్నాధం ఖాళీగానే ఉన్నాడు. సోములు ఇద్దరినీ వదిలి, "ఝాన్సీ, నువ్వెళ్లు" అన్నాడు. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడ మీద గాలి నిలబడనివ్వడం లేదు. ఝాన్సీ గొట్టాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబెట్టింది. అతను కింద కూర్చుని నట్లు బిగిస్తున్నాడు. పైకి చూడ్డం లేదు.

"ఏమండీ టెక్నీషియన్ గారూ!"

"ఆఁ?"

"నాకు సెప్పాల్సింది ముందు ఊరందరికీ సెప్పారు. బస్సు కండక్టర్‌తో సహా. నాకొక్కదానికి ఎప్పుడు సెప్తారు?"

అతను పానా కింద పెట్టాడు. లేచాడు. చెప్పాడు.

గాలి హోరున కొట్టింది.

"వినబళ్లేదు!" అంది ఝాన్సీ.

ఇంకొంచెం దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు.

"ఆఁ? గాలండీ!"

మూడోసారి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. గొట్టం వదిలేస్తే ఏంటెన్నా పడిపోతుంది, వదలకపోతే మొహం దాచుకోడానికి చేతుల్లేవు. అందుకని ఝాన్సీ ఆ మొహాన్ని అలాగే ఎత్తి పెట్టుకుంది.

"మొదటిసారే వినబడింది" అంది. "సోమవారం మీ అమ్మ సరుక్కొస్తాది కదా. వచ్చినప్పుడు గంప దించి, మా నాన్నమ్మ కాడ కాసేపు కూసోమనండి."

"సరుకు కోసమనా?"

"మీ కోసమని."

మేడ మెట్ల మీద చెవొగ్గి కూర్చున్న గున్నమ్మ గొంతు గాలిని చీల్చుకుంటూ పైకి వచ్చింది.

"ఒసే ఝాన్సీ! సోమారం దాకా ఎందుకే? తులసి ఇంటికాడ ఫోనుంటే నంబరు సెప్పమను! అయిదు దాకా ఈ ఫోను కాళీయే!"